గుస్స, కోపం, యాష్ట

మా మెట్ల కింద నీడపట్టున మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్లు చీరలు ముందేసుకుని కూర్చుంటారు. ఎంబ్రాయిడరీ ఖాతాల నుంచి, అంటే కార్ఖానాల నుంచి, మూటలుగా వచ్చిన చీరలవి. వెనకవైపు వేలాడే దారాలను చిన్న కత్తెరలతో తీసి, మడతపెట్టి, సాయంత్రానికి మళ్లీ మూటకట్టి పంపాలి. చీరకు ఇంతని లెక్క. ఈ మధ్య ఒకరోజు వాళ్లలో ఒకామె కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, డాడీ గుస్స అయిండు" అన్నాడు. ఆమె చేతిలో కత్తెర ఆగలేదు. తలెత్తకుండానే "గుస్స అయిండా, కోపానికొచ్చిండా?" అని అడిగింది. వాడు కాస్త ఆలోచించి "గుస్సనే" అన్నాడు. "గట్లయితే ఏం గాదు తియ్యి, వస్తున్నదని చెప్పు" అంటూ ఇంకో చీర ఒళ్లోకి లాక్కుంది. పక్కవాళ్లెవరూ నవ్వలేదు. అంటే ఆ తేడా అక్కడందరికీ తెలిసిన సంగతే అన్నమాట.

అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. నిఘంటువులో ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే బరువులో తేడా ఉండదు. కానీ ఆ ఇంట్లో ఒకటి వచ్చిపోయేది, ఇంకొకటి వస్తే పనిమానుకుని లేవాల్సింది. ఎందుకలా? గుస్స వీధిలో నేర్చుకున్నది, కోపం ఊరినుంచి మోసుకొచ్చుకున్నది అనా? అరువు మాటతో తిడితే అంత నొప్పి పుట్టదనా? లేక పిల్లవాడు కబురు తెచ్చిన తీరునుబట్టి ఆమె వాతావరణం అంచనా వేసుకుంటోందా? కోపానికి రావడం, గుస్స అవడం. ఒకటేమో మనిషే నడిచి వెళ్లి చేరే చోటు, ఇంకొకటి మనిషికి కాసేపు పట్టిన రంగు. ఇంత దూరం ఆలోచించి ఆమె అడిగిందని కాదు. ఆలోచించకుండా అడిగింది కాబట్టే నాకు నిద్ర పట్టడం లేదు.

సూరత్‌లో మా డిండోలిలో ఉండేవాళ్లకు ఇలాంటి చిక్కులు తప్పవు. ఉధనా దగ్గర పెద్ద లైను నుంచి విడిపోయి జల్‌గాఁవ్ వైపు పోయే తాప్తీ లైను మా పక్కనుంచే వెళ్తుంది. ఆ లైను వెంటే ఖాందేశ్ నుంచి మరాఠీవాళ్లు వచ్చారు. ఆ లైను మీదే అహ్మదాబాదు నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ దాకా మనవాళ్లను మోస్తుంది. ఒడియావాళ్లు, బిహారువాళ్లు, యూపీవాళ్లు వేరే బళ్ల మీద వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్లు ఎక్కువగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల వెంట నడిచొచ్చిన పద్మశాలీలు. సిరిసిల్లలో మనం సాంచ అనే మరమగ్గాన్ని ఇక్కడివాళ్లు సంచో అంటారు. ఇంత దూరమొచ్చినా ఆ మాట ఇంటిపక్క మాటలానే వినబడుతుంది. మోటారు చెడి పై అంతస్తులకు నీళ్లెక్కని పొద్దున మా మెట్ల మీద నిలబడి వినాలి. కిరాణా కొట్టు గుజరాతీ పెద్దాయన "కంటాళీ గయో" అంటాడు. ఎదురింటి మరాఠీ ఆవిడ "వైతాగ్ ఆలా" అంటుంది. రెండో అంతస్తు హిందీ కుర్రాడు "పక్ గయా" అంటాడు, అంటే ఉడికి మెత్తబడ్డాడట. మావాళ్లు "యాష్టకొచ్చింది" అంటారు. నాలుగు భాషల్లోనూ సంగతి ఒకటే, నీళ్లు రావు.

యాష్ట నాకు ఎంతో ఇష్టమైన మాట. కోస్తావాళ్లకు చెబితే మొహం చూస్తారు. విసుగు అని అర్థం చెబితే చప్పగా ఉంటుంది. విసుగులో ఇంకా కొంచెం గొంతు మిగిలి ఉంటుంది, విసుక్కోవడానికి. యాష్టలో అదీ ఉండదు. కోపం పడి పడి, ఇక పడే ఓపిక కూడా లేనప్పుడు మిగిలే మడ్డి అది. హిందీవాళ్లు ఇంకో మాట వాడతారు, "భరా బైఠా హై" అని. నిండిపోయి కూర్చున్నాడు, ముట్టుకుంటే ఒలుకుతాడు అన్నట్టు. గుజరాతీలో మనసులోది కక్కేయడాన్ని ఊభరో ఠాలవవో అంటారు, పొంగును వంపేయడం. ఇలాంటివి విన్నప్పుడల్లా ఒక సందేహం వస్తుంది. మన తెలుగులో కోపం ఎందుకు నిండదు? మండుతుంది, ఉడుకుతుంది, రగులుతుంది, భగ్గుమంటుంది, చిటపటలాడుతుంది. పొయ్యి మీది మాటలన్నీ కోపానికే ఇచ్చేశాం. మిగిలిన బుసలూ కస్సులూ పాము దగ్గర తెచ్చుకున్నాం. కానీ నిండు అన్న మాటను మాత్రం కోపం దగ్గరికి రానివ్వలేదు. నిండు కుండ, నిండు చూలాలు, నిండు ముత్తైదువ, నిండు పున్నమి. శుభమైనవాటికే అది. కోపంతో నిండిపోయాడు అని పుస్తకాల్లో రాస్తే రాయవచ్చుగాక, ఇంట్లో ఎవరూ అనరు. "కడుపుల పెట్టుకున్నడు" అంటారు. నిండటం కాదు, దాచుకోవడం. బియ్యం దాచుకున్నట్టు కోపాన్నీ వెనకేసుకుంటామేమో.

సాయంత్రాలు నలుగురు పిల్లలకు తెలుగు చెబుతుంటాను. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక బడులు నడుపుతుంది. గుజరాత్‌లో తెలుగు పలక పట్టుకుని బడికెళ్లే పిల్లలను చూడటం కొత్తవాళ్లకు వింతగానే ఉంటుంది. బయట హిందీ, బడిలో తెలుగు, కొట్టు దగ్గర గుజరాతీ. వాళ్లకు సొంత వాక్యాలు రాయమని కొన్ని క్రియలిచ్చాను. కోప్పడు, మండిపడు, విరుచుకుపడు, కసురుకొను, విసుక్కొను. కసి తీరా రాశారు. సేటు నాన్న మీద మండిపడ్డాడు. నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. అమ్మ అక్కను కసురుకుంది. అక్క నన్ను విసుక్కుంది. ఎవరి పుస్తకం చూసినా ఇదే వరస, ఎవరూ ఎవరిదీ చూసి రాయలేదు. ఒక పిల్ల మాత్రం చివర "నేను పిల్లిని కసురుకున్నాను" అని చేర్చింది. ఆ పిల్లి ఎవరిని కసురుకుని ఉంటుందో.

వాక్యాలు దిద్దుతుంటే తట్టింది. మన కోపాల్లో చాలావాటి వెనక పడు అని ఒకటి తగిలి ఉంది. పడటమంటే పైనుంచి కిందికే కదా. కింద ఎవరో ఒకరు ఉండాలి. పనివాడు సేటు మీద మండిపడ్డాడని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, అయినా చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. అక్కడ వేరే మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎదురు తిరిగాడు, నోరు లేచింది, తల ఎగరేశాడు, తెగించాడు. గమనించండి, వీటిలో ఎక్కడా కోపం అన్న ఊసే లేదు. కిందివాడికి వచ్చింది కోపం కాదు, పొగరు. పైవాడిది మాత్రం కోపం, అదీ న్యాయంగా వచ్చిందే. పత్రికలు చూడండి. మంత్రిగారు మండిపడతారు, ప్రతిపక్ష నేత నిప్పులు చెరుగుతారు, ఇంకొకాయన ధ్వజమెత్తుతారు. జనానికొచ్చేసరికి ఆగ్రహం వ్యక్తం చేస్తారు, దరఖాస్తు పెట్టుకున్నట్టు. పేదవాడి కోపం పెదవికి చేటన్న సామెత ఉండనే ఉంది. సామెతలు అనుభవంలోంచి పుడతాయంటారు. నిజమే, ఎవరి అనుభవమో కూడా అడగాలి. ఈ సామెత పేదవాడే చెప్పుకున్నాడా, పెదవి పగలగొట్టినవాడు చెప్పాడా?

మరమగ్గాల ఖాతాలోకి ఒక్కసారి అడుగుపెట్టినవాళ్లకు తెలుస్తుంది, అక్కడ మన రుసరుసలూ చిర్రుబుర్రులూ పనికిరావని. పన్నెండు గంటల షిఫ్టు. వందల సాంచలు ఒకేసారి కొడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా సగమే చేరుతుంది. నేసేవాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. అలాంటి చోట సేటు కోపమైనా కళ్లతోనే రావాలి. గుడ్లురుముడు అన్న తెలంగాణ మాటలో ఉరుముకు గొంతుతో పనిలేదు, చూపే ఉరుముతుంది. దాని అసలు అర్థం నాకు ఖాతాలోనే తెలిసింది. పనివాడి కోపం సంగతి? మీటరుకు ఇంతని కూలి. పోగు తెగితే సాంచ ఆగుతుంది, ఆగితే మీటర్లు పోతాయి. చేయి తిరిగిన మనిషి తెగిన పోగును క్షణంలో ముడేసి మళ్లీ నడిపిస్తాడు. అప్పుడు కోపం తెచ్చుకుంటే వేళ్లు వణుకుతాయి, ముడి పడదు. అందుకే అక్కడ కోపం తెచ్చుకోడు, ఇంటికి తెచ్చుకుంటాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు తెచ్చినప్పుడు మొదటిది వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో వచ్చాయి. మగ్గంలో ప్రతి కొయ్యకూ, ప్రతి పనికీ ఎన్ని జిల్లాల్లో ఎన్ని పేర్లో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చే దారిలో మనిషికి ఏమవుతుందో దానికి కూడా అంతటి పదకోశం ఒకటి కావాలనిపిస్తుంది నాకు. చేనేతకు ఉన్న మాటలు మరమగ్గానికి పుట్టలేదు. పుట్టేలోపే ఊరు మారిపోయాం.

నన్నయగారి ఆదిపర్వంలో ఉదంకుడి కథ ఉంది. గురుపత్ని కోరిన కుండలాల కోసం పౌష్య మహారాజు దగ్గరికి వెళతాడు. రాజు భోజనం పెడితే అన్నంలో వెంట్రుక వస్తుంది. గుడ్డివాడివి కమ్మని ఉదంకుడు శపిస్తాడు, సంతానం లేకుండా పొమ్మని రాజు తిరిగి శపిస్తాడు. కాసేపటికి ఉదంకుడు మెత్తబడి తన శాపం త్వరలోనే తీరుతుందంటాడు, నీది కూడా వెనక్కి తీసుకొమ్మంటాడు. రాజు తన వల్ల కాదంటాడు. బ్రాహ్మడికి మాట వజ్రం, మనసు వెన్న. రాజుకు అదే తిరగేసి ఉంటుందట. వెయ్యేళ్లుగా ఈ ఘట్టాన్ని స్వభావాల తేడాగా చదువుకుంటున్నాం, పరీక్షల్లో కూడా అలాగే రాశాం. నాకు మాత్రం ఒక అనుమానం తొలుస్తూనే ఉంటుంది. రాజు మనసు కఠినం కనక వెనక్కి తీసుకోలేకపోయాడా, తీసుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాకపోవడం వల్ల ఆ అలవాటే లేకపోయిందా? మా వీధిలో రాత్రి సేటును నానా మాటలూ అన్న మనిషి పొద్దున ఏడింటికల్లా అవన్నీ వెనక్కి తీసుకుని షిఫ్టుకు పోతాడు. వెన్నలాంటి మనసనా? సేటుకు ఒకసారి వచ్చిన కోపం దీపావళి బోనసు దాకా నిలబడుతుంది. శాపం వెనక్కి తీసుకోవడం గుణమని కథ చెబుతుంది. బాకీ ఉన్నవాడికి ఆ గుణం తప్పనిసరిగా అబ్బుతుందని కథ చెప్పలేదు.

చిరాకు సంగతి వేరు. చిరాకుకు కొంచెం తీరిక కావాలి, కొంచెం నిండిన కడుపు కూడా కావాలి. కడుపు నిండినవాడికి గారెలు చేదని ఊరికే అనలేదు. ఖాళీగా ఉన్నప్పుడు నాకు పక్కింటి టీవీ చిరాకు, వీధిలో క్రికెట్ చిరాకు, ఫోనులో నెట్‌వర్కు చిరాకు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన పై అంతస్తు మనిషి అదే టీవీ మోతలో, అదే క్రికెట్ అరుపుల్లో హాయిగా నిద్రపోతాడు. కడుపు నిండినవాడి చిరాకు, కడుపు మండినవాడి కోపం, ఈ రెండూ ఒకే వీధిలో ఉంటాయి. పలకరించుకోవు.

కోపాల్లో ఒక్కటే కిందినుంచి పైకి వెళ్లగలిగేది ఉంది, అలక. పిల్లలు తల్లి మీద అలుగుతారు, పెళ్లాం మొగుడి మీద అలుగుతుంది, అల్లుడు అత్తారింటి మీద అలుగుతాడు. పెళ్లిలో అలకపాన్పు అని దానికో మంచమే వేసి, తంతుగా చేశాం. నంది తిమ్మన ఒక పారిజాతం పువ్వు చుట్టూ సత్యభామ అలకను కావ్యం చేశాడు. అలిగిన ఆమె కాలు జగన్నాయకుడి తలకే తగిలింది. అయినా ఎవరూ పొగరనలేదు. కూచిపూడివాళ్లు సత్యభామ అలకను ఇప్పటికీ ముచ్చటగా ఆడుతున్నారు. అలక అంత ముద్దుగా ఎందుకు ఉంటుంది? అవతల బతిమాలేవాళ్లు ఉన్నారు కనక. అలిగినవాళ్లకు ఆ ధీమా ఉంటుంది. బతిమాలేవాళ్లు లేని చోట అలిగితే అన్నం చల్లారడం తప్ప ఇంకేం జరగదు. పనివాడు సేటు మీద అలగడం ఎప్పుడైనా విన్నామా? మూతి ముడుచుకుని ఒకరోజు మానేస్తే ఆ సాంచ మీద ఇంకొకడు నిలబడతాడు. అలగడానికి కూడా మనిషికి ఒక చోటుండాలి, నిన్ను కాదని జరగదు అనిపించే చోటు.

చెరువుకూ అలుగు ఉంటుంది. తెలంగాణలో మత్తడి అంటాం, అలుగు అనీ అంటాం. ఈ రెండు అలుగుల పుట్టుక వేరే కావచ్చుగాక, వానాకాలంలో నాకు అవి కలిసిపోతాయి. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు తవ్వించిన కాకతీయుల కాలంవాళ్లు చెరువు నిండుతుందని ముందే తెలిసి కట్టారు. నిండాక ఎటు పోవాలో దారి కూడా కట్టారు. మత్తడి దుంకితే ఊరు ఊరంతా చూడబోతుంది. పిల్లలు, వలలు, కొత్త నీటి చేపలు. నిండటం అక్కడ పండగ. సూరత్‌లో అలా కాదు. ఇక్కడ నిండటం అంటే జనం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటారు. నగరానికి సుమారు వంద కిలోమీటర్ల ఎగువన తాపీ నది మీద 1972లో పూర్తయిన ఉకాయి డ్యాము ఉంది. పూర్తిగా నిండితే 345 అడుగులు. వానలు మొదలైతే చాలు, చాయ్ బండి దగ్గర "ఉకాయి ఎంత?" అన్నది పలకరింపు అవుతుంది. 2006 ఆగస్టులో అది నిండింది. నిండాక పైనుంచి ఇంకా వస్తుంటే సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదిలారు. నగరంలో చాలా భాగం మునిగింది. వానలు వస్తాయని తెలిసి కూడా ముందే జాగా ఖాళీ ఉంచుకోలేదన్న విమర్శ అప్పుడు గట్టిగా వినబడింది. ఇలాంటి జలాశయాలకు రూల్ లెవెల్ అని ఒకటి ఉంటుంది. వానాకాలంలో ఏ తేదీకి ఎంత ఎత్తు దాటనివ్వకూడదో ముందే రాసిపెట్టుకుంటారు. నిండే శక్తి ఉన్నా నిండనివ్వరు, పైనుంచి రాబోయేదానికి చోటు ఉంచుతారు. నాకది చదివినప్పుడల్లా మా మెట్ల మీద రాత్రి పూట ఎక్కే కాళ్ల చప్పుడు గుర్తొస్తుంది. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చేవాళ్లలో ఎంత చోటు మిగిలి ఉంటుంది? ఆ ఇంటి తలుపు తెరిచే మనిషి రూల్ లెవెల్ చూసుకునే తెరుస్తుందనుకుంటాను. గుస్సనా, కోపమా అన్నది ఆ కొలతేనేమో. గుస్స అయితే గేట్లు ఇంకా పనిచేస్తున్నట్టు.

నిండటానికి తెలుగులో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. లేదు అన్న మాట ఇంట్లో పలకరాదని పెద్దవాళ్లు పూర్తిగా ఎదురు మాట పెట్టారు. డబ్బా అడుగు కనిపిస్తుంటే నిండుకుంది అంటాం. మా అమ్మ ఆ మాట అన్న రోజుల్లో మా నాన్న చెప్పులేసుకుని బయటికి పోయేవాడు, ఎక్కడికో చెప్పేవాడు కాదు. నాకు అప్పట్లో నిండుకోవడం అంటే భయం. తర్వాత బడిలో నిండు అంటే పూర్ణం అని చెప్పినప్పుడు నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మను. ఓపిక కూడా ఒక్కోసారి అలాగే నిండుకుంటుంది. హిందీ కుర్రాడు నిండిపోయి కూర్చున్నానంటాడు, నాకు నిండుకుందనిపిస్తుంది. ఇద్దరమూ చెప్పేది ఒకటే అయివుంటుంది. ఒకడు మూత వైపు నుంచి చూస్తున్నాడు, ఒకడు అడుగు వైపు నుంచి.

పోయినవారం పిల్లలకు తీరు అనే క్రియ ఇచ్చాను. దప్పిక తీరింది, ఆకలి తీరింది, కోరిక తీరింది అని రాశారు. పద్మశాలి ఇంటి పిల్లాడొకడు "చీటీ పైసలు తీరలేదు" అని రాశాడు. పుస్తకంలో కోపం తీరింది అని కూడా ఉందని చూపిస్తే, అప్పు తీరినట్టేనా సార్ అని అడిగాడు. అవునన్నాను. అయితే ఎవరికి కట్టాలి అన్నాడు. నేను సామెత చెప్పబోయి ఆగాను, ఏ సామెత అయినా సేటు పక్షానే ఉంటుందని తోచి. దీపావళికి ఖాతాలు మూసేసి, లెక్కలు చూసి, సెలవులిస్తారు. నవజీవన్‌లో ఊరికెళ్లేవాళ్లు అప్పుడే వెళ్తారు, ఆ కొద్ది రోజులూ మా మెట్ల మీద అందరి గొంతులూ వేరుగా ఉంటాయి. సెలవులకు ముందు ఇంకో పాఠానికి టైముంది. ఈసారి బతిమాలు అన్న క్రియ ఇద్దామనుకుంటున్నాను. ఎవరు ఎవరిని బతిమాలినట్టు రాస్తారో చూడాలి. ఆ పిల్లి కూడా వస్తుందేమో.